జగదీశ్వర్ బ్రేకు తొక్కిండా

గోదావరిఖనిలో పాత జీపులు బాగుచేసే జైపాల్‌కు, బండి కంప్యూటరును చదివే స్కానరు ఎంచుకోవడం పెళ్లి సంబంధం చూసినంత పని అయిపోయింది. అమ్మే ప్రతివాడూ తన పెట్టె అన్ని బండ్లనూ చదువుతుందనే అంటాడు. తెచ్చి బండికి తగిలిస్తే గానీ దాని అసలు గుణం బయటపడదు.

మొదట వేలెడంత ప్లగ్గు స్కానరు కొన్నాడు. అది ఫోనుతో చక్కగా జత కట్టింది గానీ షెడ్డులో ఉన్న జీపుతో మాట కలపలేదు. తర్వాత పలకంత వెడల్పున్న కొత్త స్కానరు తెప్పించాడు. నిన్నమొన్న వచ్చిన కార్ల జాతకాలన్నీ గడగడా చెప్పిన ఆ స్కానరు, ఈ జీపు ఎవరో తెలియదంది. నిజానికి దాని తప్పు కూడా ఏమీ లేదు. ఇంజన్లకు కంప్యూటరు పెట్టడం అప్పుడప్పుడే మొదలైన రోజుల నాటి ఫోర్ బై ఫోర్ అది. సగం పాత కాలానిది, సగం కొత్త కాలానిది. దాని భాష వచ్చిన పాత పెట్టే కావాలి.

వేరే బండి అయితే జైపాల్ ఎప్పుడో చేతులు దులుపుకునేవాడు. ఇది అతని బావ జగదీశ్వర్ నడిపిన జీపు. ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు మనుషులను తిప్పే డ్యూటీ జగదీశ్వర్‌ది. మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున, చుక్క తడి లేని రోడ్డు మీద, అంచున పోసిన మట్టికట్ట దాటి జీపుతో సహా కిందికి పోయాడు. బండి ముక్కు చితికింది, క్యాబిన్ నిలిచింది, మనిషి నిలవలేదు. పక్కన ఎవరూ లేరు, చూసినవాళ్లూ లేరు. బ్రేకు వేసి టైర్లు జారిన గుర్తులు లేవు కాబట్టి కావాలనే దూకించాడని కాలనీ అంతా తీర్పు చెప్పేసింది.

ఆ పొద్దున ఇంట్లో గొడవైంది. జగదీశ్వర్ భార్య సంతోషి, అంటే జైపాల్ చెల్లెలు, కోపంలో "పో, మల్ల రాకు" అనేసింది. అప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. అన్నను అడిగింది ఒక్కటే.

"మీ బావ బ్రేకు తొక్కిండా లేదా, గదొక్కటి చెప్పన్న. తొక్కితే బతకాలనుకున్నట్టే గదా."

ఏదైనా తేడా జరిగిన క్షణంలో వేగం ఎంత, ఏ పెడల్ మీద కాలుంది అన్నది ఇంజను కంప్యూటరు ఫొటో తీసినట్టు దాచుకుంటుంది. అందుకే తుక్కుకు పోవాల్సిన జీపును జైపాల్ తెచ్చి, చక్రాలు లేకుండా కట్టె దిమ్మెల మీద నిలబెట్టాడు.

శ్రీరాంపూర్‌లో మూతపడ్డ ఒక షెడ్డులో మూడో స్కానరు దొరికింది. ఇటుకంత బరువు, చిన్న ఆకుపచ్చ తెర, లావు కేబులు. అది తెచ్చిన సాయంత్రం వాన పట్టుకుంది. పొద్దు గూకక ముందే మబ్బుకు షెడ్డు చీకటైంది, ఆపైన కరెంటు పోయింది. సంతోషి తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుంది. జీపు దగ్గరికి రావడానికి ఆమెకు కాళ్లు రాలేదు. రేకుల మీద వాన మోత. గ్రీజు వాసనలో తడిసిన బొగ్గు వాసన కలిసిపోయింది. జైపాల్ స్టీరింగు కింద కేబులు తగిలించి తాళంచెవి తిప్పాడు.

తెర వెలిగింది. జీపు పలికింది.

దాచిన తేడా ఒకటి ఉందని చూపించింది. దానితో పాటు ఆ క్షణం వివరాలూ ఉన్నాయంది.

అప్పుడు జైపాల్ చేసిన తప్పు మెకానిక్కు తప్ప ఇంకొకరు చెయ్యరు. షెడ్డుకొచ్చిన ఏ బండికైనా ముందు కంప్యూటరు దాచిన పాత తేడాలన్నీ తుడిచేసి, మళ్లీ ఏది తిరిగొస్తుందో చూడటం వాళ్ల అలవాటు. అతని బొటనవేలికి అది ఏళ్ల నాటి అలవాటు. బుర్ర ఆగమనేలోపే వేలు నొక్కేసింది. తుడవడం పూర్తయిందని తెర చెప్పింది.

జైపాల్ ప్రాణం ఉసూరుమంది. చెల్లెలు ఇన్నాళ్లుగా కాచుకున్న ఒక్క జవాబు తన చేత్తోనే పోయింది. తల జీపు తలుపుకేసి కొట్టుకోవాలనిపించింది.

"ఏమొచ్చిందన్న?" సంతోషి గొంతు వానలో సరిగా వినపడలేదు.

"తొక్కిండు చెల్లె," అని అబద్ధమాడాడు. "గట్టిగనే తొక్కిండు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఏడవనీ, ఇకనైనా ఇంత తింటుందనుకున్నాడు.

అప్పుడు స్కానరు కీచుమంది.

తుడిచింది తిరిగొచ్చింది. తెర దానంతటదే మారి, ఇప్పుడు బండిలో ఏం జరుగుతోందో చూపించే పేజీలోకి పోయింది. బ్రేకు... తొక్కి ఉంది.

జైపాల్ టార్చి వేశాడు. సీటు ఖాళీ. కింద బ్రేకు పెడల్ నేలకు ఆనిపోయి ఉంది. సన్నగా వణుకుతోంది... బలమంతా పెట్టి తొక్కిన కాలు వణికినట్టు.

అతనికి భయం కంటే ముందు ఏడుపే వచ్చింది. తాను చెప్పింది అబద్ధం కాదు. బావ బతకాలనుకున్నాడు.

"చెల్లె... ఇటు రా."

సంతోషి వచ్చి చూసింది. బెదరలేదు. అతను వద్దనేలోపే ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది. మొగుడి కాలు తొక్కుతానేమోనని కాళ్లు మడిచి సీటు మీదికి లాక్కుంది. తలుపు దానంతటదే మూసుకుంది.

"గిన్ని దినాలు గిట్లనే తొక్కుకుంట ఉన్నవా," అంది మెల్లగా, స్టీరింగును నిమురుతూ.

తెర మీద ఇంకో అంకె కదిలింది. యాక్సిలరేటరు... పది శాతం. ముప్పై.

"చెల్లె, కాలు తియ్."

"నా కాళ్లు సీటు మీదనే ఉన్నయన్న."

అరవై. తొంభై. వేగం అన్న చోట ఇరవై... నలభై... చక్రాలే లేని జీపు అది.

"దిగు. జల్ది దిగు."

తలుపు లాగాడు. రాలేదు. దించి ఉన్న అద్దంలోంచి చెయ్యి పెట్టి ఆమె భుజం పట్టుకున్నాడు. సంతోషి ఆ చేతిని మెత్తగా తీసి పక్కకు పెట్టింది. ఆమె ముఖంలో దిగులు ఎక్కడా లేదు.

"నువ్వు పో అన్న. ఆనాడు ఒక్కన్నే పంపిన."

జైపాల్ వంగి కేబులును ఒక్క ఊపున పీకేశాడు. ఆ స్కానరుకు కరెంటు వచ్చేదే ఆ కేబులు గుండా. ఊడిన కొస అతని చేతిలో వేలాడుతోంది.

తెర ఆరలేదు. వేగం పెరుగుతూనే ఉంది. యాక్సిలరేటరు నిండా ఉంది.

బ్రేకు... వదిలేసి ఉంది.