ఐదో పెట్టెలోని గొంతు

శనివారం పొద్దున మిల్లు మొదటి కూత వేసేసరికి బెథియా హిస్లప్ ఓట్స్ జావలో ఉప్పు వేసి, గిన్నె బల్ల మీద పెట్టి, పొయ్యి ముందున్న కంబళి దులపడానికి వంగింది. కంబళి అంచున గోధుమరంగు తురుము కనబడింది. తీసి వేళ్ళతో నలిపింది. మైనం.

బెథియాకు నలభై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. టెవియట్ నది ఒడ్డున ఉన్ని మిల్లులో నేసిన బట్టను వెలుతురుకు పెట్టి, తప్పులు వెతికి, సూదితో సరిచేయడం ఆమె పని. పాతికేళ్ళుగా తప్పులు వెతికిన కళ్ళు ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటాయా? తమ్ముడు వాట్ పొరుగున ఉన్న గాలా ఊరి పిల్ల మైసీని చేసుకొచ్చినప్పటి నుంచీ ఆ కళ్ళకు ఇంట్లోనూ చేతినిండా పని దొరికింది. రగ్బీ ఆటలోనే గాలా వాళ్ళను నమ్మని ఊరు అది. ఇక కోడలి సంగతి చెప్పాలా?

మెడలోని తాళంచెవి తీసి ముందుగదిలో బీరువా తెరిచింది. ఆరు అట్టపెట్టెలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్కటే ఎత్తి చూసింది. ఐదోది తేలిగ్గా లేచింది. లోపల ఏమీ లేదు.

ఆ పెట్టెల్లో ఉన్నవి మైనపు గొట్టాలు. వాటిలో ఉన్నది నాన్న గొంతు. ఎబెనీజర్ హిస్లప్ నేతగాడు. ఏ మాటలు మాట్లాడితే బడిలో పంతులు అరచేతుల మీద తోలుపట్టీతో కొట్టేవాడో, ఆ స్కాట్స్ మాటలతోనే పాటలు కట్టాడు. పందొమ్మిది వందల తొమ్మిదిలో మిల్లువాళ్ళు ఒక ఫోనోగ్రాఫ్ బహుమతిగా ఇస్తే, దాని బూరలోకి ఆరు పాటలు పాడి, రెండేళ్ళకే పోయాడు. గొట్టం తిప్పిన ప్రతిసారీ మైనం కొంత అరుగుతుంది, గొంతు కొంత పోతుంది. అందుకని అంత్యక్రియలయ్యాక బెథియా వాటికి తాళం వేసింది. ఈ ఇరవై మూడేళ్ళలో ఎవరూ వినలేదు, తనూ వినలేదు. గొంతు ఇంట్లో ఉందన్న ధైర్యం చాలనుకుంది.

ఐదోది ఊయల పాట. ఒక కాలితో ఊయల ఊపుతూ, చేతుల్తో దారం చుడుతూ, నిద్రకు మొహంవాచిన నేతగాడి భార్య పాడే పాట. మగవాడై ఉండి ఆడదాని మనసు ఎలా పట్టాడని పత్రికల్లో రాశారు. వంతెన దగ్గర ఆయన పేరుతో నిలిపిన రాయి మీద ఆ పాటలోవే రెండు పంక్తులు చెక్కారు. ఈరోజు మధ్యాహ్నం మూడింటికి ఎడింబరో నుంచి ఒక పెద్దమనిషి ఈ గొట్టాల్లోని పాటలను గ్రామఫోన్ ప్లేట్ల మీదికి ఎక్కించడానికి వస్తున్నాడు.

బెథియా వంటింట్లోకి వచ్చింది.

"మైసీ, నిన్న పొయ్యి ముందు ఎవరు ఊడ్చారు?"

"నేనే వదినా. ఏం?"

"ఏం లేదు. బాగా ఊడ్చావు."

మైసీ చేతిలో చెంచా ఆగింది. పొయ్యి పక్కన మేజోడు అల్లుతున్న బెథియా తల్లి ఐలీ చేతులు కూడా ఆగాయి. బెథియా చెంచా ఒక్కటే చూసింది.

మిల్లులో బట్ట ముందు కూర్చున్నా ఆమె మనసంతా ఇంట్లోనే ఉంది. నిన్న సాయంత్రం తలంటుకోబోతూ తాళంచెవి తీసి గూట్లో పెట్టింది. ఫోనోగ్రాఫ్ యంత్రానికి గీకుడు కత్తి ఒకటుంది. పాత గొంతును చెక్కేసి, నున్నటి మైనం మీద కొత్త గొంతు పట్టుకోవచ్చు. పోయిన నెలలోనే మైసీ అడిగింది, "మా పాప నవ్వు ఇందులో పట్టుకోవచ్చా వదినా?" అని. ఒక్కొక్క దారమే ముడిపడింది. నాన్న గొంతు చెక్కేసి పసిపిల్ల కేరింత పట్టుకుందా ఈ మహాతల్లి? పొద్దుటి నుంచి రెండు తప్పులు ఆమె కళ్ళు దాటిపోయాయి. అలా ఎన్నడూ జరగలేదు.

పన్నెండింటికి మిల్లు వదిలారు. ఇంటికి వచ్చీరాగానే ఖాళీ పెట్టె తెచ్చి బల్ల మీద, సూపు గిన్నెల మధ్య పెట్టింది.

"ఇందులోది ఏది?"

వాట్ రొట్టె తుంచుతూ ఆగాడు. మైసీ పాపను భుజానికెత్తుకుంది.

"నిన్నే అడుగుతున్నా మైసీ. కంబళి మీద తురుము దొరికింది నాకు. గీకేశావా?"

మైసీ అత్తగారి వంక చూసింది. ముసలావిడ మేజోడు మీంచి తలెత్తలేదు.

"ఆవిణ్ణేం చూస్తావు? ఆవిడకు మొగుడు పోయాడు. నాకు తండ్రి పోయాడు. మిగిలింది ఆ గొంతొక్కటి. ఇంకోటి కొనుక్కొద్దామంటే ఏ కొట్లోనూ దొరకదు."

"అక్కా, కాస్త నిదానంగా అడగచ్చుగా," అన్నాడు వాట్.

"నువ్వు సూపు తాగు. నిదానం నీ దగ్గర చాలా ఉంది. చెప్పు మైసీ, గీకావా లేదా?"

"గీకాను," అంది మైసీ. "ఎందుకని మాత్రం అడక్కు వదినా. నేను చెప్పను."

"చెప్పవు. గాలా వాళ్ళకు ఎందుకో కూడా కావాలా? పరాయివాళ్ళది పాడుచేస్తే చాలు."

మైసీ ముఖం ఎర్రబడింది. గోడకున్న కోటు తీసుకుని, పాపకు శాలువా చుట్టింది. "మా అమ్మ దగ్గరికి వెళ్తున్నా వాట్. ఆ పెద్దమనిషి వచ్చి వెళ్ళాక రా," అంది. తలుపు గడియ మీద చెయ్యి వేసింది.

అప్పుడు ఐలీ మేజోడు పక్కన పెట్టింది.

"దాన్ని ఆపు బెథియా. గీకమన్నది నేను. తాళంచెవి తీసిచ్చింది కూడా నేనే."

బెథియా కుర్చీ వెనక భాగాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఆ ఊయల పాట మీ నాన్న కట్టలేదే. నేను కట్టాను. నువ్వు పసిదానివి, రాత్రంతా ఏడ్చేదానివి. అప్పుడు నా నోట వచ్చింది. మీ నాన్న తన పాటల్తోపాటు రాసి పంపితే, పత్రికవాళ్ళు ఆయన పేరే వేశారు. సరిచేస్తానని బయల్దేరాడు. నేనే అడ్డుపడ్డాను. నేతగాడి పెళ్ళాం పాటలు కడుతోందంటే వీధంతా నవ్వేవాళ్ళు ఆ రోజుల్లో. ఆయనకది ముల్లులా ఉండిపోయింది. ఆ బూర ముందు, పాట మొదలుపెట్టేముందు పాట పేరూ పాడేవాళ్ళ పేరూ చెప్పాలిగా. అక్కడ నా పేరు చెప్పేశాడు."

"ఆ మాట నాకు ఇన్నేళ్ళూ..."

"నువ్వు ఎవర్నీ విననివ్వలేదుగా. నా రహస్యానికి నువ్వే కాపలా కాశావు. ఇప్పుడు ఆ ఎడింబరో పెద్దమనిషి వచ్చి లోకానికంతా వినిపిస్తానంటున్నాడు. వంతెన దగ్గర రాయి మీద మీ నాన్న పేరుంది. చచ్చిపోయినవాణ్ణి పెళ్ళాం పాట దొంగిలించాడంటారు. నాకు కళ్ళు ఆనవు, కత్తి పడితే చేతులు వణుకుతాయి. అందుకే కోడల్ని గీకమన్నాను. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను."

బెథియా కూలబడింది. తల్లి మీద కోపం రాలేదు, మైసీని అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గుపడింది. కానీ అన్నిటికంటే ఎక్కువగా, నాన్న గొంతు నిజంగానే పోయిందన్న దుఃఖం ముంచుకొచ్చింది. బల్ల మీద తల పెట్టి ఏడ్చింది.

మైసీ పాపను వాట్ చేతికిచ్చి మూలనున్న ఓట్స్ పిండి పెట్టె దగ్గరికి వెళ్ళింది. మోచేతి దాకా పిండిలోకి చెయ్యి దూర్చి గుడ్డమూట ఒకటి పైకి తీసింది.

"మీ మాట వినలేదు అత్తయ్యా," అంది. "మీరు నమ్మాలని గీకింది యంత్రం పెట్టెలో మిగిలిన, బూజు పట్టిన ఖాళీ గొట్టం. ఇదీ బూజు పట్టకూడదని చల్లగా, పొడిగా ఉండేచోట దాచాను. ఆ పెద్దమనిషి వెళ్ళాక మీకే ఇచ్చేద్దామనుకున్నాను. గీకడానికి చేతులు రాలేదు. అది వదినకు తండ్రి గొంతు."

ఐలీ కోడలి వంక చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నారు. "పిండి దులుపుకో," అంది.

బెథియా లేచి యంత్రం తెచ్చింది. ముఖం కూడా తుడుచుకోలేదు. గొట్టం తొడిగి, కీ ఇచ్చి, సూది ఆనించింది. చాలాసేపు గరగర. తర్వాత ఎక్కడో గోడ అవతలి నుంచి వస్తున్నట్టు నాన్న గొంతు.

"ఊయల పాట. కట్టింది నా భార్య ఐలీ. పాడేది ఆమె మొగుడు."

ఆ తర్వాత పాట. కంగారులో కొంచెం పైస్థాయిలో ఎత్తుకున్నాడు. రెండో చరణంలో దగ్గాడు. ఆ దగ్గు వినగానే వాట్ పాపను ఎత్తుకునే కిటికీ వైపు తిరిగాడు. ముసలావిడ కళ్ళు మూసుకుని ఉంది. ఒక కాలు మాత్రం నేల మీద మెల్లగా, లేని ఊయలను ఊపుతోంది.

పాట అయిపోయింది. గరగర కూడా ఆగింది.

"మూడింటికి ఆయనొస్తే ఇదే ముందు ఇస్తాను," అంది బెథియా. "మైసీ, పేర్లు నువ్వే రాయి. నీ చేతిరాత బాగుంటుంది. కట్టింది ఐలీ హిస్లప్ అని పెద్దక్షరాల్లో రాయి. నేనన్న మాటలు... ఆ కోటు విప్పవే. సూపు చల్లారిపోతోంది."

మైసీ కోటు విప్పి గోడకు తగిలించింది.

"మొదట్లో ఆయన అన్నది నాకు సరిగా వినపడలేదు," అంది ఐలీ నెమ్మదిగా. "నా పేరు పలికినచోట. ఇంకోసారి వేస్తావా? వద్దులే, అరిగిపోతుంది."

ఇరవై మూడేళ్ళు ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వని బెథియా సూదిని మళ్ళీ మొదటికి తెచ్చింది.

"అరగనీ అమ్మా," అంది.