మూడో నంబరు గదిలో అమ్మ

పొద్దున్నే కింద వంటగదిలోంచి కూతురి కేక వినిపించింది.

"అత్తయ్యా! టోస్టు మళ్ళీ మాడ్చారు. మిమ్మల్ని పొయ్యి దగ్గరికి రావద్దన్నానా?"

"మాడితే మీ ఆయనకి పెట్టు. వాడికి అదే ఇష్టం," అంది అత్తగారు. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు.

పైన మూడో నంబరు గదిలో ఆ నవ్వు విన్న తల్లికి ఒళ్ళు మండిపోయింది. నగరం నడిబొడ్డున, బస్సుల హోరు మధ్య, ఆరే గదులున్న ముచ్చటైన హోటలు కూతురిది. చూడ్డానికి రమ్మని పోరుపెట్టి రప్పించి, బాల్కనీ ఉన్న గది ఇచ్చింది. పూటపూటా తలుపు తట్టి "ఏమైనా కావాలా అమ్మా?" అని అడుగుతుంది. తాగిన కప్పు కడగబోతే చేతిలోంచి లాక్కుంటుంది. అత్తగారినేమో నోటికొచ్చినట్టు కసురుతుంది, మరునిమిషంలో ఆవిడ భుజం మీద తల వాల్చేస్తుంది. కన్నది నేను, చనువు ఆవిడకా? అని తల్లి లోలోపల కుతకుతలాడింది. అది అసూయేనని ఆవిడకీ తెలుసు. తెలిసినంత మాత్రాన మంట చల్లారుతుందా!

జీవితమంతా ఆసుపత్రిలో నర్సుగా చేసిన చేతులవి. ముడత లేకుండా దుప్పటి బిగించి, బల్ల తుడిచి, చీరలు పెట్టెలో సర్ది, పెట్టెను బీరువాలోకి తోసింది. తాళంచెవి కౌంటర్ దగ్గర కొక్కానికి తగిలించి, నాలుగడుగులు వేసొద్దామని వీధిలోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద ఎవరో కొత్త దంపతులు బూట్లు విప్పుకుంటున్నారు.

"ఏం కావాలండీ?" అని వాళ్ళే ఈవిడని అడిగారు.

విసవిసా మెట్లు దిగుతుంటే కూతురు కంగారుగా ఎదురొచ్చింది. "అమ్మా, పొరపాటైపోయింది. పనామె ఇవాళే చేరింది. పక్క సర్ది ఉండి, తాళంచెవి కొక్కానికుంటే గది ఖాళీ అని ఇక్కడ లెక్క. చూసుకోకుండా ఇచ్చేసింది. ఇప్పుడే వాళ్ళని మార్చేస్తా."

"ఎందుకులే! మీ అత్తగారి గదైతే ఇచ్చేవాళ్ళా?"

"ఆవిడకి గదెక్కడుందమ్మా? వంటగది వెనక మాతోపాటే ఇరుక్కుంటుంది. మంచి గది నీకే కదా ఇచ్చాను!"

"ఎవరిక్కావాలి నీ మంచి గది? ఆవిడని తిడతావు, నవ్వుతావు. నన్ను మాత్రం అద్దె కట్టి దిగినవాళ్ళని అడిగినట్టు ఏమైనా కావాలా అంటావు. నేనేమన్నా పరాయిదాన్నా?"

కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. "నువ్వే పరాయిదానిలా ఉన్నావమ్మా. వచ్చి వారమైంది, ఒక్క చీరైనా పెట్టెలోంచి తీసి తగిలించావా? ఆ గదిలో మనిషున్న జాడే లేదంది పనామె. ఎప్పుడు వెళ్ళిపోతానంటావోనని నా భయం. ఏదన్నా అంటే ఎక్కడ నొచ్చుకుంటావోనని నోరు కట్టేసుకుని తిరుగుతున్నా."

బిడ్డకి బరువు కాకూడదని తల్లి తను తాకిన ప్రతిచోటా తుడిచేసుకుంటూ వచ్చింది. అది బిడ్డకి ఇలా గుచ్చుకుందని తెలిసి గుండె కలుక్కుమంది.

"వాళ్ళనక్కడే ఉండనీ," అంది మెల్లగా. "నా పెట్టె కిందకి తెప్పించు. మీ ఇరుకులోనే నాకూ ఇంత చోటివ్వు."

అత్తగారు వంటగదిలోంచి తొంగిచూసి, "మాటలు తర్వాత. ముందు వచ్చి ఈ చెంచాలు తుడవండి వదినగారూ," అంది.

సాయంత్రం కాఫీల వేళ తల్లే ట్రే సర్దింది. ట్రే పైకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా కూతురి చేతుల్లో తిరిగొచ్చింది.

"అమ్మా! ఐదో నంబరు వాళ్ళకి చక్కెర వద్దని చెప్పానా లేదా? నీ ధ్యాసెక్కడుంది అసలు?"

తల్లి కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. కొంగుతో ఒత్తుకుంటూనే, పొంగిపోతూ అత్తగారి వైపు తిరిగింది.

"విన్నారా వదినగారూ! నన్నూ తిట్టింది!"