నాలుగు బిళ్ళలు

2096 నాటికి చంద్రుడి మంచుగని కాలనీలో సినిమాకు బయలుదేరినవాళ్ళను ఎవరూ "ఏ సినిమా?" అని అడిగేవారు కాదు. "ఎవరెవరు వస్తున్నారు?" అని అడిగేవారు. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళను బట్టి సినిమా మారిపోయేది మరి. కొత్త దంపతులు అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్తే, ప్రేమకథ కాస్తా వంటల పోటీ అయిపోయి లబోదిబోమన్న సందర్భాలున్నాయి.

ఈ వింతకు మూలం ‘కూర్పరి’ అనే ఎడిటింగ్ యంత్రం. ప్రతి సీటు ముందూ ఒక చూపుపట్టీ, అంటే ఐ ట్రాకర్, ఉంటుంది. హాల్లో ఎక్కువమంది కళ్ళు తెర మీద నిలిస్తే కూర్పరి ఆ దృశ్యాన్ని సాగనిస్తుంది. వాలిపోతే అక్కడికక్కడే కత్తిరించి వేరేది అతికిస్తుంది. డాక్యుమెంటరీల విషయంలో దానికి మరో పెత్తనం కూడా ఇచ్చారు. కాలనీ కెమెరాలు తీసిన ముడి దృశ్యాలను మనుషులెవరూ నేరుగా చూడకూడదు, కూర్పరి చూపించినంతవరకే చూడాలి. ప్రజల ఏకాంతాన్ని కాపాడటానికట ఈ చట్టం. ఏ ప్రజలదో అందులో రాయలేదు.

స్వరూప తీసిన డాక్యుమెంటరీ పేరు ‘ఏడో సొరంగం’. పదేళ్ళ క్రితం ఆ సొరంగంలో గాలి లీకై నలుగురు కార్మికులు పోయారు. వాళ్ళలో ఒకడు ఆమె అన్న మొగిలి. సొరంగాన్ని ఆ రోజే సీలు చేశారు, శవాలు కూడా దక్కలేదు. సైరన్ విని బయటికొచ్చినవాళ్ళు ఎవరికీ చెప్పకుండా మళ్ళీ లోపలికి పోయారనీ, తప్పంతా వాళ్ళదేననీ కంపెనీ నివేదిక తేల్చింది. అందుకు సాక్ష్యం బిళ్ళల బోర్డు.

బిళ్ళల పద్ధతి తాతల నాటి బొగ్గుబావుల నుంచి వచ్చింది. గనిలోకి దిగేవాడు తన పేరున్న ఇత్తడి బిళ్ళను ‘లోపల’ వైపు తగిలిస్తాడు, తిరిగొచ్చాక ‘బయట’ వైపుకు మారుస్తాడు. చంద్రుడి మీద ఇంకా ఇత్తడి ఏమిటని ఇంజనీర్లు నవ్వితే, కార్మికులు పన్నెండు రోజులు సమ్మె చేసి మరీ సాధించుకున్నారు. ‘లోపల’ ఒక్క బిళ్ళ వేలాడుతున్నా గని తలుపులు మూతపడవు, మూతపడకపోతే యంత్రాలు కదలవు. ఆ రోజు తలుపు మూతపడింది. నలుగురి బిళ్ళలూ ‘బయట’ వైపు ఉన్నాయి.

కూర్పరి జాబితాలో ‘బోర్డు దగ్గర, పదిహేడు సెకన్లు’ అనే దృశ్యం ఒకటుంది. నలభై ప్రదర్శనల్లో ఒక్కసారి కూడా అది మూడు సెకన్లు దాటలేదు. బోర్డు కనిపించీ కనిపించకముందే మంచు పలకల మీద సూర్యోదయం వచ్చేసేది. ఆ ప్రమాదం మీద పునర్విచారణ కోరడానికి కోర్టు ఇచ్చిన గడువు ముగిసే రోజు రానే వచ్చింది. ఆ మధ్యాహ్నం మూడింటికి ఆఖరి ప్రదర్శన, దానితోపాటే భూమికి లైవ్‌స్ట్రీమ్. తెర మీద కనిపించిందే కోర్టుకు సాక్ష్యం.

పొద్దున్నే స్వరూప యంత్రాన్ని నిలదీసింది. "కంపెనోళ్ళు నిన్నేం చేసిన్రు? నిజం చెప్పు."

"నన్నెవరూ ముట్టుకోలేదు" అంది కూర్పరి. "మూడో సెకనుకు ప్రేక్షకుల కళ్ళు వాలిపోతున్నాయి."

"దొర ఒక్కడు లేకుండ ఉత్త గని మనుషులకే ఆడిచ్చిన గదా! మావోళ్ళెందుకు దించుతరు?"

"కారణం నాకు తెలియదు. వరస తెలుసు. అందరికంటే ముందు వాలేవి మీ కళ్ళే."

సిగ్గుతో స్వరూప ముఖం మండిపోయింది.

మూడింటికి గని ద్వారాన్ని ఆనుకున్న హాల్లో, బిళ్ళల బోర్డు ఉన్న గోడ పక్కన, అరవై ఆరుగురు కూర్చున్నారు. గని మేనేజర్ శేషగిరి మొదటి వరసలో కాలు మీద కాలేసుకున్నాడు. "కానివ్వమ్మా. మేమేమన్నా వద్దన్నామా ఎప్పుడైనా?" అన్నాడు నవ్వుతూ. వద్దనాల్సిన అవసరం పదేళ్ళలో అతనికి ఒక్కసారీ రాలేదు.

స్వరూప తెర ముందు నిలబడింది.

"ఒక మాట చెప్పి సినిమా ఏస్త. బిళ్ళలు కంపెనీ మార్చిందని పదేండ్ల సంది అంటున్న. అబద్ధం. మనమే మార్చినం. వాళ్ళు బయటికొచ్చే వెనుక తలుపు కూలిందన్నరు. ఈ తలుపు మూతపడకుంటే గాలి పోయి ఇటు దిక్కున్న మూడొందల మందిమి సస్తుంటిమి. ఓదెలు మామకు చెయ్యి ఆడకపోతే ‘మార్చు మామా’ అని ఒర్రింది నేనే. లోపల మా అన్న ఉన్నడని తెలిసే ఒర్రిన."

అప్పటి షిఫ్టు పెద్ద ఓదెలు లేచాడు. "ఒక్కని మీద పడొద్దని నాలుగు బిళ్ళలు నలుగురం మార్చినం బిడ్డా. అదే ఎన్నడు నోటికి రాలే."

"సచ్చినోళ్ళ మీద నింద ఉండంగ మనం పదేండ్లు తిన్నం, పన్నం. ఇగ చాలు మామా. ఇయ్యాల సూపు దించినోడు వాళ్ళను మల్ల సంపినట్టే. సూడుర్రి!"

సినిమా మొదలైంది. బోర్డు వచ్చింది. మూడో సెకను. స్వరూప కళ్ళు మండుతున్నా రెప్ప వేయలేదు. నాలుగో సెకను. ఓదెలు చెయ్యి, దాని వెనకే మరో మూడు చేతులు. తెరలోంచి ఆనాటి ఆమె అరుపు ఆమెకే వినిపించింది. వెనక వరసలో ఒకామె వెక్కివెక్కి ఏడుస్తూనే, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని తల నిలబెట్టుకుంది.

పదకొండో సెకనులో చేతులు పక్కకు జరిగాయి. అంతవరకు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు అక్కడున్నవాళ్ళు కూడా తలలు దించుకునే ఉన్నారు. తెర మీద, బోర్డు పక్కన ఆనాటి శేషగిరి ఫోన్లో మాట్లాడుతున్నాడు. కూర్పరి సైరన్ మోతను తగ్గించగానే అతని గొంతు స్పష్టంగా వినిపించింది.

"వెనక తలుపు బాగానే ఉందండీ. పోయిన నెల మనమే వెల్డింగ్ చేసి అతికించేశాం కదా. కోసి తీస్తే పావుగంటలో బయటికొస్తారు. కానీ అతికించిన సంగతి బయటపడుతుంది. కూలిపోయిందని చెప్పేశాను."

తెర ఆగిపోయింది. నియమం ప్రకారం కూర్పరి లెక్క చదివింది. "దృశ్యం పూర్తయింది. అరవై ఆరుగురిలో కళ్ళు దించుకున్నవారు ఒక్కరు."

ఎవరని ఎవరూ అడగలేదు. తాము చేసిన పనికి తలలు దించుకుని, శేషగిరి చేసిన పనికి పదేళ్ళు కాపలా కాశామని అందరికీ ఒక్కసారే అర్థమైంది. స్వరూపకు ఏడుపు, కోపం కలిసి ముంచుకొచ్చాయి.

లైవ్‌స్ట్రీమ్ ఇంకా నడుస్తోంది. ఓదెలు గోడకున్న బోర్డు దగ్గరికి వెళ్ళాడు. ఆనాడు బిళ్ళలు మార్చిన మిగతా ముగ్గురూ అతని వెనకే వెళ్ళారు. నాలుగు చేతులు చనిపోయిన నలుగురి బిళ్ళలను ‘బయట’ నుంచి తీసి ‘లోపల’ వైపు తగిలించాయి. ఒక్కొక్కటిగా గని తలుపులన్నీ తెరుచుకున్నాయి. యంత్రాల మోత ఆగిపోయింది.

"ఏయ్, తీయండవి! గని ఆగిపోయింది!" శేషగిరి అరిచాడు.

"తియ్యం" అంది స్వరూప. "మావోళ్ళు ఇంకా లోపలనే ఉన్నరు."