అమ్మ చేతి బ్యాండు

ఉదయం ఆరింటికి రిబ్కా ఉప్మా దించుతుంటే, కూతురు నీరజ వచ్చి ఆమె ఎడమ చేతికి నల్ల బ్యాండు కట్టింది. ఇరవై ఏడు రోజులుగా ఇదే వరస.

"రాత్రి దాకా తీయకమ్మా. నిన్న తొమ్మిది వేల అడుగులే వచ్చాయి. ఇవాళ ఇంకాస్త నడువు."

"వంట దగ్గర నిలబడితే రావా?"

"రావు. నడవాలి."

రిబ్కా అంగలకుదురు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. నీరజ బాపట్లలో డిగ్రీ చదువుతోంది. కాలేజీలో ఆరోగ్య యాప్ పోటీ పెట్టారు. నెలలో మూడు లక్షల అడుగులు వేస్తే బహుమతి, సర్టిఫికెట్టు. రోజూ రైల్లో కూర్చుని వెళ్లొచ్చే పిల్లకి అన్ని అడుగులు ఎక్కణ్ణుంచి వస్తాయి? అమ్మ ఉందిగా. చదువుకున్న తెలివి ఎంత బాగా పనిచేసిందో చూడండి.

నాడి కూడా చూసే ఆ బ్యాండు నుంచి వారంగా నీరజ ఫోనుకు ఒక హెచ్చరిక వస్తోంది. గుండె సరిగ్గా కొట్టుకోవడం లేదు, డాక్టరుకు చూపించుకోండి అని. మొదటిసారి చూసి నీరజ భయపడింది. రైల్లో స్నేహితురాలు తేజస్వి నవ్వేసింది.

"డబ్బులు కట్టించుకోడానికి అలాగే బెదిరిస్తాయే. నాకూ వస్తుంటాయి."

ఆ వారమే కాలేజీలో సార్ ఇలాంటి యాప్‌ల మీద అందరి అభిప్రాయాలూ అడిగారు. 'అడుగుల లెక్కకు బాగుంటాయి, హెచ్చరికలు పట్టించుకోనక్కర్లేదు' అని నీరజ రాసిచ్చింది. అమ్మకు మాత్రం చెప్పలేదు. చెబితే బ్యాండు తీసేస్తుందని భయం. పోటీ ఇంక మూడు రోజులే ఉంది.

ఆ మధ్యాహ్నం బడి వరండాలో అన్నం గిన్నె మోస్తూ రిబ్కా కూలబడిపోయింది. మూతి వంకరపోయింది. కుడి చెయ్యి లేవలేదు.

తెనాలి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె భర్త బర్నబాస్‌ను అడిగింది. "గుండె లయ తప్పి, రక్తం గడ్డకట్టి మెదడులోకి వెళ్లింది. ముందు ఎప్పుడైనా దడగా ఉందని అందా?"

"లేదండి. ఏమీ అనలేదండి."

కబురంది కాలేజీ నుంచి వచ్చిన నీరజ ఫోను తీసి ఇచ్చింది. ఏడు హెచ్చరికలు వరసగా ఉన్నాయి. డాక్టరమ్మ చదివి వినిపించింది.

"మొదటిది వచ్చిన రోజే తీసుకొచ్చి ఉంటే మందులతో సరిపోయేది" అంది.

బర్నబాస్ కూతురి వైపు తిరిగాడు. "ఏంటమ్మా ఇది? నీకు తెలుసా?"

"తెలుసు నాన్నా. నేనే చెప్పలేదు."

"ఆదివారం చర్చి అయ్యాక నందివెలుగు దాకా నడిచొచ్చింది మీ అమ్మ. ఎందుకే అంటే, పిల్లకి అడుగులు తక్కువయ్యాయంది."

కొట్టినా బాగుండేదనిపించింది నీరజకు.

సాయంత్రం లోపలికి పంపారు. నీరజ మంచం పక్కన కూర్చుని అమ్మ చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"అది నీ గుండె గురించే చెప్పిందమ్మా. నేను దాచాను. నన్ను క్షమించమ్మా."

ఆ మాటలు రిబ్కాకు ఎంతవరకు తెలిశాయో. ఆమె బ్యాండు లేని ఎడమ మణికట్టు పైకెత్తి చూసుకుంది. నాలుక మడతపడుతుంటే ఒక్కో మాటా కూడదీసుకుంది.

"వీళ్లు... తీసేశారు నీరజా. ఇవాళ... తక్కువ పడ్డాయి. ఏడవకు. రేపు... ఎక్కువ నడుస్తాలే."