గోరువెచ్చని పాలు

ఆ మైక్రోవేవ్ గురించి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకి చాలా రోజులుగా వాదన నడుస్తోంది.

ఆమె ఇంట్లోనే కర్టెన్లు కుట్టి అమ్ముతుంది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కనే పాప పడుకునే చిన్న పరుపు. తలతిప్పితే వంటగది. అతను ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. మధ్యాహ్నం భోంచేసి వెళితే చీకటి పడ్డాకే రాక.

మైక్రోవేవ్ అతని అక్కది. ఆవిడ ఇల్లు మారుతూ ఇచ్చేసింది. ఆడపడుచు ఇచ్చిన వస్తువాయె, ఉంచుకుంటే పోటు, పారేస్తే మాట.

"ముసలిదైందని ఎవరైనా ఇంట్లోంచి వెళ్ళగొడతారా?" అనేవాడు అతను. "బాగుచేయిస్తే మన పాప పెళ్ళిదాకా పనిచేస్తుంది."

"ముసలిదైతే సర్దుకుపోదును. ఇది మొండిది," అనేది ఆమె.

నిజంగా మొండిదే. ఎంతసేపు పెట్టినా పాలు గోరువెచ్చగానే దిగేవి. మరగవు, అలాగని చల్లగానూ ఉండవు. చుక్క మణికట్టు మీద వేసుకుంటే సరిగ్గా పాప ఒంటి వెచ్చదనం. లోపలి బల్బు ఎప్పుడో పోయింది. తలుపు అద్దంలోంచి చూస్తే చీకటే. ఆ చీకట్లో పళ్ళెం తిరుగుతున్న గరగర మాత్రం వినిపించేది. ఈమధ్య ఒక వాసన కూడా తోడైంది. మాడువాసన కాదు. చాలాసేపు దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషి దగ్గర వచ్చే వాసన.

చివరికి ఒక వానరోజు సాయంత్రం మెకానిక్‌ని పిలిపించింది. నడివయసు మనిషి, నవ్వుముఖం. వెనక రేకు విప్పి, టార్చి వేసి, లోపల చాలాసేపు చూశాడు.

"ఇది పనిచేయడం మానేసి ఎన్నాళ్ళయిందమ్మా?"

"మానేయడమేంటి? పొద్దున కూడా పాలు వెచ్చబెట్టాను."

అతను నవ్వాడు. "వేడి పుట్టించే గొట్టం ఎప్పుడో కాలిపోయింది. పళ్ళెం తిప్పే మోటారుకి పళ్ళే లేవు, అరిగిపోయాయి. మిగిలింది ఫ్యాను మోత ఒక్కటే."

నమ్మకం కోసం కప్పులో నీళ్ళు పోసి లోపల పెట్టి మీట నొక్కాడు. ఫ్యాను హోరుమంది. పళ్ళెం కదల్లేదు. బయటికి తీసి ఆమె చేతికిచ్చాడు. నీళ్ళు కుండలో నీళ్ళలా ఉన్నాయి.

"బాగుచేయించే ఖర్చుకి కొత్తది వచ్చేస్తుంది. ఆలోచించుకుని చెప్పండి," అని రేకు బిగించాడు. వచ్చినందుకు ఏదో ఒకటి చేయాలనిపించిందేమో, సంచిలోంచి ఒక బల్బు తీసి లోపల పెట్టి వెళ్ళాడు.

మెకానిక్ వెళ్ళిన కాసేపటికి పాప లేచింది. ఏడుపు మొదలైంది. స్టవ్ వెలిగిద్దామనే అనుకుంది ఆమె. కానీ మనసు ఊరుకోలేదు. తెల్ల కప్పులో పాలు పోసి, మైక్రోవేవ్‌లో పెట్టి, తలుపు మూసి మీట నొక్కింది.

మొదటిసారి లోపల వెలుతురు వచ్చింది.

పళ్ళెం కదల్లేదు. ఆమె గుండె కొంచెం కుదుటపడింది. మరి ఇన్నాళ్ళూ ఎలా... అనుకుంటుండగా గరగర వినిపించింది. కప్పు మెల్లగా తిరగడం మొదలుపెట్టింది.

ఆమె వంగింది. ముఖం అద్దానికి దగ్గరగా పెట్టింది.

పాల మీద మీగడ ఒకచోట చిన్నగా నొక్కుకుపోయింది. మళ్ళీ పైకి వచ్చింది. మళ్ళీ నొక్కుకుపోయింది. ఎవరో దానిమీద ఊదుతున్నట్టు... ఓపిగ్గా... తెరలు తెరలుగా.

అంతలో అది ఆగింది. కప్పూ ఆగింది.

అద్దం మీద, లోపలివైపు, సరిగ్గా ఆమె నోటికి ఎదురుగా, రూపాయి బిళ్ళంత ఆవిరి పట్టింది. ఆరిపోయింది. మళ్ళీ పట్టింది.

ఆమె వెనక్కి అడుగు వేయలేకపోయింది. ముందుగదిలో పాప ఏడుపు ఎప్పుడు ఆగిందో కూడా గమనించలేదు.

అతను ఇంటికి వచ్చేసరికి ఆమె పాపని ఎత్తుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. వంటగదిలో ఆ కప్పు ఇంకా లోపలే ఉంది. జరిగిందంతా గుసగుసగా చెప్పింది. అతను ఎగతాళి చేయలేదు. వంటగదిలోకి వెళ్ళి, తలుపు తెరిచి, కప్పు పట్టుకుని చూశాడు. బయటికి వచ్చేటప్పటికి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంకా వెచ్చగానే ఉన్నాయి," అన్నాడు.

"ఇప్పుడూ బాగుచేయిద్దామంటావా?" అంది ఆమె.

"వద్దు. పొద్దున్నే దీన్ని వదిలించుకుంటా."

అన్నట్టే మర్నాడు దాన్ని భుజాన వేసుకుని పాత ఇనుము కొట్లో పడేసి, వస్తూ వస్తూ కొత్తది తెచ్చాడు. తళతళలాడుతోంది. అందులో పాలు పెడితే పొంగి పొర్లిపోయాయి. ఆ పొంగు తుడుస్తూ ఆమె చాలా రోజుల తర్వాత నవ్వింది. అతను బస్సుకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం మళ్ళీ వాన. పాప పరుపు మీద నిద్రపోతోంది. ఆమె మిషను తొక్కుతోంది. నీలం గుడ్డకి పొడుగాటి అంచు, తల ఎత్తే పనిలేదు. అంచు పూర్తయి, దారం తెంపి, పక్కకి చూసింది.

పాప తల కిటికీ వైపు ఉంది. ఇందాక గోడ వైపు పడుకోబెట్టింది కదా. పిల్లలన్నాక నిద్రలో దొర్లుతారు... అనుకుంది. ఇంకో అంచు మడిచి, సూది కింద పెట్టి, మళ్ళీ చూసింది.

పాప తల వంటగది వైపు ఉంది.

ఆమె కాలు మిషను మీంచి తీసింది. చప్పుడు ఆగింది. వాన చప్పుడు మాత్రం మిగిలింది.

పాప కాళ్ళు కదలడం లేదు. చేతులు కదలడం లేదు. గుప్పిళ్ళు రెండూ తల పక్కన పెట్టుకుని గాఢనిద్రలో ఉంది. దుప్పటి మీద ముడత కూడా పడటం లేదు. పాప మాత్రం... మెల్లగా... ఒకే తీరున... తిరుగుతోంది.

ఆమె ఒక్క ఉదుటున వెళ్ళి పాప కింద చేతులు పెట్టి లేపబోయింది. పాప వెంటనే రాలేదు. రెండోవైపు ఇంకెవరో పట్టుకున్నట్టు ఒక క్షణం బిగుసుకుని... తర్వాత, మనసొప్పక వదిలినట్టు, వదిలింది. పాప ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరం కాదు. కాస్త ఎక్కువ వెచ్చదనం, అంతే.

గుమ్మం బయట మెట్ల మీద కూర్చుని వదినకి ఫోన్ చేసింది.

"వదినా, ఆ మైక్రోవేవ్ నీ దగ్గర ఎప్పుడైనా..."

"మేం ఆ పాత ఇంట్లోకి దిగేటప్పటికే అది వంటగదిలో ఉందమ్మా. ఎవరు వదిలేశారో తెలియదు. ఏం, పాడైందా? మాకు బాగానే మరిగేవే పాలు." అంది వదిన. "మాకు పిల్లలు లేరు కదా. టీలోకే పెట్టుకునేవాళ్ళం."

మర్నాడు తెల్లవారగానే అతను పాత ఇనుము కొట్టుకి పరుగెత్తాడు. కొత్తది పారేసైనా సరే, పాతదాన్ని తెచ్చి యథాస్థానంలో పెట్టి బాగుచేయిస్తే, అందులో ఉన్నది మళ్ళీ అందులోకే పోతుందేమోనని. ఉత్తచేతులతో తిరిగొచ్చాడు.

"విప్పి ముక్కలు చేసేశారు," అన్నాడు తగ్గుగొంతుతో. "వానలో తడుస్తూ ఉన్నా రేకు వెచ్చగానే ఉందట. విప్పాక చల్లబడిందట."

"ఎప్పుడు విప్పారు?"

"నిన్న సాయంత్రం."

ఆ రోజు నుంచి పాపని కింద పడుకోబెట్టడం మానేశారు. అతను ఇంట్లో ఉంటే అతని భుజం మీద, లేకపోతే ఆమె ఒళ్ళో. కుట్టుపని మూలపడింది. వేరే ఇల్లు చూసుకున్నారు. నెలాఖరుకి మారిపోదామనుకున్నారు.

మారడానికి ముందు ఒక సాయంత్రం ఆమె కుర్చీని వీధి తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఒళ్ళో పాప నిద్రపోతోంది. పాపని రెండు చేతులతో పొదివి పట్టుకుని, అతను వచ్చేదాకా ఆ తలుపు మీంచి చూపు తిప్పకూడదనుకుంది. నిద్రలేక మండుతున్న కళ్ళు కాస్త మూతపడ్డాయి. ఒళ్ళు హాయిగా, వెచ్చగా ఉంది.

తాళం తిరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. ఆ చప్పుడు ఆమె వీపు వెనక నుంచి వచ్చింది.

"ఏంటి, గోడ వైపు తిరిగి కూర్చున్నావు?" అన్నాడు అతను.

ఆమె అసలు కుర్చీలోంచి లేవనే లేదు. పాదాలు కూడా నేలకి ఆనించలేదు, మడిచి పైన పెట్టుకునే ఉంది. ఎదురుగా ఉన్న గోడ... చప్పుడు లేకుండా... మెల్లగా పక్కకి జరిగిపోతోంది.