నల్లబల్ల మీద ఒకటో పాట

పొద్దున్నే చెన్నకేశవులు పెరట్లో రాతిబండ మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. ఆళ్లగడ్డలో ఆయన మాటంటే మాటే. ఇరవై ఎకరాల జొన్నచేను, పదెకరాల పత్తి, రెండు జతల ఎద్దులు, వాటన్నిటికంటే బరువైన పరువు ఉన్న మనిషి. అలాంటివాడు నెలన్నరగా సొంత ఇంట్లో దొంగలా తిరుగుతున్నాడు.

కూతురు రామేశ్వరమ్మ తొలి కాన్పుకు పాణ్యం నుంచి పుట్టింటికి వచ్చింది. కొడుకు పుట్టాడు. వాడు గంట నుంచి గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆమె ఊయల తాడు లాగుతూనే ఉంది తప్ప నోరు విప్పడం లేదు.

"ఒక పాటన్నా పాడుమ్మే. నిద్రపోతాడు" అంది తల్లి కమలాక్షమ్మ.

"నాకు పాటలు రావు మా."

ఆ మాట పెరట్లోకి వినబడింది. చెన్నకేశవులు పుల్ల నమలడం ఆపేశాడు. ఆ వెంటనే కమలాక్షమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇన్నావా? పాటలు రావంట దానికి!"

"పొద్దున్నే ఎందుకే ఆ సంగతి?"

"మరెప్పుడు? నేను కాటికి పోయినాకనా? నాలుగేండ్లాయె. ఈ ఇంట్లో ఒక్క కూనిరాగం ఇనలేదు నేను. పాతరలో పూడ్చింది గ్రామఫోను ప్లేట్లను కాదయ్యా, దాని గొంతును."

చెన్నకేశవులు చేతిలోని పుల్ల అవతల పారేసి పాతర వైపు చూశాడు.

ఆ సంగతి యాభై ఆరో సంవత్సరం శ్రావణ మాసంలో మొదలైంది. రామేశ్వరమ్మకు అప్పుడు పదిహేడేళ్లు. మద్రాసులో ఉన్న మేనమామ ఇంటికి చుట్టపుచూపుగా పోయిన పిల్ల, ఆయన ప్రోద్బలంతో ఒక గ్రామఫోను కంపెనీలో విసుర్రాయి పాట పాడి వచ్చింది. వాళ్ల అవ్వ జొన్నలు విసురుతూ పాడిన పాటే అది. చిన్నపిల్ల సరదా అనుకుని చెన్నకేశవులు కూడా నవ్వి ఊరుకున్నాడు. ఆర్నెల్లకు ఆ ప్లేటు నంద్యాలకు వచ్చేసింది.

నంద్యాల బజారులో సామ్యేలు అనే ఆయనకు గ్రామఫోను దుకాణం ఉండేది. ఆ వారంలో ఏ ప్లేటు ఎక్కువ అమ్ముడుపోతే దాన్ని ఒకటో నెంబరుగా, తర్వాతవి వరసగా అయిదు వరకు, ప్రతి శనివారం నల్లబల్ల మీద సుద్దతో రాసి దుకాణం ముందు తగిలించేవాడు. జనం ఆ బల్ల చూడ్డానికే ఆ దారిన పోయేవాళ్లు. ఈ వారం ఏ పాట పైకి వస్తుందని కాఫీ పందేలు కాసుకునేవాళ్లు. అయిదూ సినిమా పాటలే ఉండేవి.

ఆ వారం పత్తి పని మీద వచ్చిన చెన్నకేశవులు ఒక హోటల్లో కాఫీ తాగుతుండగా గ్రామఫోను పెట్టెలోంచి కూతురి గొంతు వినబడింది. పక్క బల్ల మీదివాడు దరువు వేస్తూ, "గొంతు భలే ఉండాదిరా! మనిషి ఎట్లుంటాదో!" అన్నాడు. అంతే. చెన్నకేశవులు ఒళ్లు భగ్గుమంది. కాఫీ సగంలో వదిలేసి, హోటలాయన అడిగినంత పారేసి ఆ ప్లేటు తీసుకున్నాడు. అట్నుంచటే సామ్యేలు దుకాణానికి పోయి ఉన్న ఆ పాట ప్లేట్లన్నీ కొనేశాడు. గురువారం రైల్లో ఇంకో పెట్టె దిగిందని తెలిసి మళ్లీ పోయి అదీ కొన్నాడు. అన్నీ గోతాల్లో కట్టి, పెరట్లో ఖాళీగా ఉన్న జొన్నల పాతరలో దించి, మీద బండ వేసి మట్టి కప్పేశాడు.

పిచ్చి మారాజు! కుండ మూతికి మూకుడు వేయొచ్చుగానీ లోకం మూతికి వేయగలమా? అన్ని ప్లేట్లు ఒక్క వారంలో పోయేసరికి, శనివారం నాడు సామ్యేలు సినిమా పాటలన్నిటినీ కిందికి తోసి విసుర్రాయి పాటను ఒకటో నెంబరుగా రాశాడు. ఆ వార్త బస్సెక్కి ఆళ్లగడ్డ వచ్చింది. మద్రాసు కూడా పోయింది. ఇంకో నాలుగు పాటలు పాడడానికి రమ్మని కంపెనీ జాబు రాసింది.

రామేశ్వరమ్మకు కాళ్లు నేల మీద నిలవలేదు. ట్రంకుపెట్టె సర్దుకుంది. తండ్రి పోవద్దంటే మొదటిసారి ఎదురు నిలిచింది.

"నేను గొప్పలు చెప్పుకోవడంల్యా నాయనా. నంద్యాల జనం మెచ్చినారు. వాండ్లు మెచ్చి కొన్నారు!"

"జనమా? యాడి జనం?" అని అరిచాడాయన. "కొనింది నేను! ఒక్కటి మిగలకుండా నేనే కొన్నా. నా బిడ్డ గొంతు హోటళ్లలో ఎవురూ ఇనగూడదని కొన్నా. పాతరలో పడుండాయి, పోయి చూసుకో!"

పోయి చూసుకుంది. మట్టి తోసి, బండ జరిపి, గుంతలోకి వంగి ఎంతసేపు చూసిందో ఆ పిల్లకే తెలుసు. లోపలికి వచ్చి పెట్టెలోని బట్టలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది. ఏడవలేదు, తిట్టలేదు. మళ్లీ పాడలేదు. మరుసటేడు పాణ్యం సంబంధం ఖాయం చేస్తే తలవంచుకుని తాళి కట్టించుకుంది.

ఆ రోజు గెలిచాననుకున్నాడు చెన్నకేశవులు. ఎంత ఓడిపోయాడో తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

కమలాక్షమ్మ లోపలికి వెళ్లిపోయాక ఆయన గడ్డపార తీసుకుని పాతర నోరు తెరిచాడు. లోపలి ఆవిరి పోయేదాకా ఆగి దిగాడు. లక్కతో చేసిన ప్లేట్లు కదా, ఆ ఉక్కకు చాలామటుకు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి, మిగిలినవి పగిలాయి. వెతికి వెతికి తిన్నగా ఉన్నట్టు కనబడ్డ ఒక్కదాన్ని టవల్లో చుట్టుకుని నంద్యాల బస్సెక్కాడు.

సామ్యేలు దుకాణంలో ఇప్పుడు రేడియోలు ఎక్కువ. ఆయన తల నెరిసింది. నల్లబల్ల లేదు.

"రాన్నా రా! ఏందీ, ఇన్నాళ్లకు గుర్తొచ్చినామా?"

చెన్నకేశవులు టవలు విప్పాడు. "ఒకసారి పెట్టు సామ్యేలూ. నేను పూర్తిగా ఎప్పుడూ ఇనలేదు."

సామ్యేలు తెల్లబోయి చూశాడు. పెట్టెకు కీ ఇచ్చి ముల్లు ఆనించాడు. పదిహేడేళ్ల రామేశ్వరమ్మ గొంతు లేచింది. ప్లేటు వంకరకు అది సాగింది, కుంగింది, మళ్లీ లేచింది. మొదటి చరణం కాగానే ముల్లు ఒకచోట ఇరుక్కుని అదే సగం మాట పదిసార్లు పలికింది. సామ్యేలు జరిపి చూశాడు. ముల్లు మళ్లీ అక్కడికే వచ్చి పడింది. రెండో చరణం రానే లేదు.

"పెండ్లిండ్లలో పంచడానికి కొన్నావనుకున్నా గదన్నా!" అన్నాడు సామ్యేలు. "ఆడబిడ్డంటే ఇంత ప్రేమ ఉండే నాయనను నేను చూల్లేదని మా ఇంటామె రూతుకు గూడా చెప్తి."

చెన్నకేశవులు తల దించుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. అంతా విన్న సామ్యేలు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎంత పని చేసినావన్నా! ఆ వారమంతా జనం వచ్చి అడుగుతానే ఉండ్రి. ఆస్పత్రి నర్సు జయమ్మ మూడుసార్లు తిరిగె. రైల్వే గేటు కాడ పౌలు, ఆయప్పకు గ్రామఫోను గూడా లేదు, పక్కింట్లో పెట్టించుకుంటానని వచ్చె. వెలుగోడు నుంచి ఒక ముసలామె బండి కట్టించుకోని వచ్చింది. చచ్చిపోయిన కూతురు ఆ పాటే పాడుతాండెనంట. అందరినీ ఉత్తచేతులతో పంపిస్తి. ఇంకా పంపండని కంపెనీకి రాస్తే, ఆ పాప మళ్లీ పాడనన్నాది, మేమూ కొత్తగా వేయడంల్యా అని జవాబు వచ్చె."

"మరి... నేను కొనకపోయింటే?"

"ఒకటో నెంబరే వచ్చునో, మూడో నెంబరు వచ్చునో దేవునికే తెలియాల. అడిగినారు, అదైతే నిజం."

తిరుగుబస్సులో చెన్నకేశవులు ఆ మాటే తలపోశాడు. తాను కొనకపోతే ఆ పాటకు ఒకటో నెంబరు వచ్చేదో లేదో ఇక ఎవరికీ, ఎప్పటికీ తెలియదు. తెలియకుండా చేసింది తానే. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరి, కాళ్లు కూడా కడుక్కోకుండా కూతురి ముందు నేల మీద కూర్చున్నాడు. కమలాక్షమ్మ పిల్లవాణ్ని ఎత్తుకుని తలుపు దగ్గర నిలబడింది.

"అమ్మా, జనం అడిగినారంట. నీ ప్లేటు కావాలని ఆ వారమంతా అడిగినారంట. నేను ఒక్కటీ మిగల్చలేదు గాని, అడిగినారంట తల్లీ!"

ఆమె సంతోషిస్తుందని ఏ మూలో ఆశపడ్డాడు. రామేశ్వరమ్మ ముఖం నల్లబడింది.

"ఎందుకు చెప్తాండావ్ ఇప్పుడు? మెచ్చినోళ్లు ఒక్కరూ లేరని నాలుగేండ్లు నమ్మినా. నా గొంతంటే నాకే అసహ్యమాయె. సొంత బిడ్డకు జోల పాడాలంటే నోరు రాకపాయె. ఇప్పుడొచ్చి నిజమంటే దీన్ని నేను యాడ పెట్టుకోవాల నాయనా?"

"తప్పే తల్లీ. కడుపులో పెట్టుకోమని అడిగే మొగం గూడా లేదు నాకు. అన్ని ప్లేట్లు కొని ఒక్కటీ ఇననోన్ని. ఈ పొద్దు ఇందామంటే రెండో చరణం కాడ చెడిపోయింది. ఒక్కసారి పాడమ్మా. నేనూ అడుగుతాండా."

ఆమె తల్లి చేతుల్లోని బిడ్డను చూసి గొంతు సవరించుకుంది. మొదటి చరణం సన్నగా, బొంగురుగా వచ్చింది. రెండో చరణానికి పెదవులు కదిలాయి. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. కళ్లు మూసుకుని వెతికింది.

"మరిచిపోయినా నాయనా" అంది. "రెండో చరణం మరిచిపోయినా!"

అప్పుడు పగిలింది నాలుగేళ్ల దుఃఖం. తండ్రి భుజం మీద తల వాల్చి చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. అవ్వ లేదు, పలికే ప్లేటు లేదు, ఇక ఆ పాట చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఎన్నడూ కన్నీరు పెట్టని చెన్నకేశవులు కూతురి తల నిమురుతూ ఏడ్చాడు. కమలాక్షమ్మ వాళ్లను ఆపలేదు.

కాసేపటికి ఆమె ముఖం ఎత్తకుండానే అడిగింది. "ఎవురెవురు అడిగినారు?"

ఆయన చెప్పాడు. మూడుసార్లు తిరిగిన నర్సు జయమ్మ, గేటు కాడ పౌలు, బండి కట్టించుకుని వచ్చిన వెలుగోడు అవ్వ.

"మళ్లీ చెప్పు నాయనా."

మళ్లీ చెప్పాడు. మూడోసారి చెప్పేటప్పుడు వరస తప్పి, పౌలు పేరు ముందు అన్నాడు.

"కాదు నాయనా" అంది రామేశ్వరమ్మ, కళ్లు తుడుచుకోకుండానే. "జయమ్మ ముందర. మూడుసార్లు వచ్చింది గదా. పౌలు రెండో నెంబరు."

"అవునమ్మా" అని చెన్నకేశవులు మొదటినుంచీ మళ్లీ చెప్పసాగాడు.