సమ్మమ్మ లైటులోని సెల్లులు

సుబేదారిలో రేడియోలు బాగుచేసే ఎల్లస్వామికి చేతికందిన ఏ వస్తువునైనా విప్పి చూడనిదే నిద్రపట్టదు. ఆ యేడు అతని బావమరిది ఉప్పలయ్య దుబాయి నుంచి వస్తూ మేనకోడలు కళావతికి రిమోటు కారు తెచ్చాడు. ఏడేళ్ల పిల్ల. జ్వరం తగిలి కాళ్లు పడిపోయాయి. ఎండాకాలం నుంచి మంచం దిగలేదు. దవాఖానలో చేతులెత్తేశారు. ఆ కారు ఇంట్లో తిరుగుతుంటేనే నాలుగు ముద్దలు తినేది. అందుకే ఓ ముసురు సాయంత్రం అది ఆగిపోయేసరికి తండ్రి గుండెలో రాయి పడింది.

కరెంటు లేదు. కందిలి వెలుగులో చూస్తే కారులో సెల్లులు అయిపోయాయి. వానకు షాపులన్నీ మూశారు. అప్పుడు అటక మీది టార్చి లైటు గుర్తొచ్చింది. నిరుడు అతని భార్య సమ్మమ్మ ఆ లైటు పట్టుకునే పెరట్లోకి వెళ్లి బావిలో పడింది. లైటు మాత్రం గట్టు మీద దొరికింది. దినాలు కాగానే పోయినవాళ్ల వస్తువులు ఇల్లు దాటించాలి. ఎల్లస్వామి మాత్రం దాన్ని దాచుకున్నాడు. సెల్లులు చావకుండా అప్పుడప్పుడు తీసి ఎండలో పెట్టేవాడు కూడా. మెకానిక్కు బుద్ధి ఎక్కడికి పోతుంది!

మంచం దగ్గర కూర్చున్న తల్లి బక్కమ్మ చూడనే చూసింది.

"గా సెల్లులు ఏడియిరా?"

"సమ్మమ్మ లైటులయి."

"వద్దురా కొడుకా... ఆమెయి ఇంట్ల పెట్టకుమని చెప్పిన గదా."

"జర ఊకో అవ్వా. పిల్ల పొద్దటి సంది తినలే."

సెల్లులు వేశాడు. పచ్చగా చిలుము పట్టిన రేకులను గరుకు కాగితంతో రుద్దాడు. రిమోటు ఏరియల్ పూర్తిగా లాగి మీట నొక్కాడు. చక్రాలు ఒకసారి వణికి ఆగిపోయాయి. బోర్లించి చూశాడు. ఇరుసుకు వెంట్రుకలు చుట్టుకున్నాయి. పొడవైనవి, నల్లనివి, తడివి. కళావతికి జ్వరంలోనే గుండు చేయించారు. బక్కమ్మ తల ముగ్గుబుట్ట.

ఎల్లస్వామి పట్టకారుతో ఒక్కొక్కటే లాగేశాడు. నాచు వాసన...

కారు కదిలింది. పిల్ల కిలకిల నవ్వింది. ఆ నవ్వుకు అతనికి ప్రాణం లేచొచ్చింది.

మీట వదిలాడు. కారు ఆగలేదు. దగ్గరలో ఇలాంటి రిమోటు ఇంకొకటుంటే ఇలాగే అవుతుందని ఉప్పలయ్య చెప్పాడు. అయినా సుబేదారిలో ఇంకెవరికుంది? రిమోటులో సెల్లు తీసేశాడు. కారు తిరుగుతూనే ఉంది.

"నాయినా..." కళావతి గుసగుసగా అంది. "అమ్మ తోలుతాంది."

కారు గడప దాటింది. పెరటి వైపు... పిల్ల మంచం దిగింది. నిలబడింది. నడిచింది!

ఎంత ఆనందం... ఎంత భయం...

"బిడ్డా, ఆగు!"

వానలో పరుగెత్తాడు. బావి గట్టు దాకా కారు చప్పుడు. తర్వాత కారూ లేదు, పిల్లా లేదు. కందిలి దించి చూశాడు. నీళ్లు కదలకుండా ఉన్నాయి.

ఇంట్లోకొచ్చాడు. బక్కమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది.

"ఏడికి ఉరికినవ్ రా? ఇంతసేపు నా చేతులనే ఉన్నది... గిప్పుడే పాణం పోయింది."

ఎల్లస్వామి మంచం మీద కూలబడ్డాడు. దుప్పటి జరిపి, ఎండాకాలం నుంచి నేల తాకని ఆ పాదాలను ఒళ్లోకి తీసుకున్నాడు.

అరికాళ్లకు తడిమట్టి అంటుకుని ఉంది.